పైడమ్మ కోరుకున్న చేను

ఆ ఊరి పొలాలూ దొరవే, వాటిని తడిపే కాలువా దొరదే. పొలాలు సాగుకిస్తూ ఆయన రెండు పద్ధతులు చెప్పాడు. పండినా ఎండినా ఒకటే కౌలు, కాదంటే పంటలో సగం. కౌలు తక్కువే కదా అని రైతులంతా అటే మొగ్గు చూపారు. పైడమ్మ ఒక్కతే సగం పంటకు ఒప్పుకుంది.

"ఎంత నష్టపోతావో తెలుసా నీకు?" అని దొర నవ్వాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కౌలు ఎలాగూ వస్తుందన్న ధీమాతో దొర కాలువ నీళ్లన్నీ తన పూలతోటకు మళ్లించుకున్నాడు. పైడమ్మ వెళ్లి ఆయన వాకిట్లో నిలబడింది.

"నీళ్లడగడానికొచ్చావా?"

"లేదు బాబూ. తమరి సగం పంట ఎండిపోతోందని చెప్పిపోదామని వచ్చాను."

దొర ఉలిక్కిపడ్డాడు. ఆ పూటే కాలువ వదిలించాడు.

పైడమ్మ ఏరికోరి తీసుకున్నది కాలువకు చిట్టచివరి చేను. అక్కడిదాకా నీళ్లు పారాలంటే దారిలో అందరి చేలూ తడవాల్సిందే.