అక్కసానమ్మ చేతులూనిన కొండ

పూర్వం పెన్నానదికి దక్షిణంగా, బలుసుపొదలు తప్ప మరే పచ్చదనమూ ఎరుగని ఎర్రరాతి కొండల నడుమ, తొడికొండ సీమను బొల్లమ నాయకుడనే పాలకుడు ఏలుతూ ఉండేవాడు. అతడు శూరుడు, ఆడిన మాట తప్పనివాడు, దైవభక్తి కలవాడు. అయితే ఒక కార్యం తలపెట్టాడంటే అది ముగిసేవరకు మనుషులకు ఒంట్లో నొప్పి అనేది ఒకటుంటుందని గుర్తుంచుకోని స్వభావం అతనిది. పొరుగు సీమల దండు ఎప్పుడు వచ్చి పడుతుందోనన్న భయంతో అతడు కొండమీద కోటగోడ కట్టించ సంకల్పించి, గోడ పూర్తయ్యేదాకా సీమలో కాళ్ళూ చేతులూ ఉన్న ప్రతివారూ రాయి మోయవలసిందేనని, అందులో ఆడా మగా భేదం లేదని చాటింపు వేయించాడు.

ఆ సీమలో పురుళ్ళు పోసే మంత్రసాని పేరు మారసాని. తల్లికి ఒక్కతే కూతురు. తల్లి దగ్గరే ఆ విద్య నేర్చింది. కడుపు మీద అరచెయ్యి ఆనించి, బిడ్డ తల ఎటున్నదో, వీపు ఎటున్నదో కళ్ళతో చూసినట్టు చెప్పగలిగేది. గోడ పని మొదలైన ఏడాదిలోనే నెలలు నిండని బిడ్డలు ఐదుగురిని ఆమె తన చేతులతోనే మట్టిలో పెట్టవలసి వచ్చింది. ఐదో బిడ్డను పూడ్చిన ఉదయం, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా, ఆమె నేరుగా నాయకుని కొలువుకు వెళ్ళి నిలబడింది.

"దొరా! చూలాళ్ళ నెత్తిన రాయి పెట్టించకండి. కడుపులో ఒక బరువు మోస్తున్నవాళ్ళు రెండో బరువు మోయలేరు" అన్నది.

"బిడ్డలు దక్కడం, దక్కకపోవడం దైవాధీనం" అన్నాడు నాయకుడు.

"దైవం ఇచ్చాడు దొరా. నిలబెట్టుకోవలసింది మనమే కదా!"

కొలువువారు ఆమెను బయటికి పంపివేశారు. నాటినుంచి మారసాని తన సరంజామా మూట కట్టుకుని, రాళ్ళు మోసే ఆడవాళ్ళ వెంటే కొండ ఎక్కుతూ, దిగుతూ, సొమ్మసిల్లినవారికి నీళ్ళు తాపుతూ రోజులు గడపసాగింది.

వైశాఖమాసంలో కోటకు సింహద్వారం నిలిపే ముహూర్తం వచ్చింది. పట్టపురాణి చేతులమీదుగా పసుపు కుంకుమలు పడితేనే ద్వారం అచంచలంగా నిలుస్తుందని పురోహితులు చెప్పారు. రాణి వెన్నమాంబకు అప్పుడు ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవక కుమిలిపోయిన ఆ ఇల్లాలు, భర్త మాట కాదనలేక, మండుటెండలో పల్లకి ఎక్కి కొండమీదికి వచ్చింది.

సరిగ్గా ఆ పూటే, ద్వారానికి కొంచెం ఎగువన, గొడుగులా వంగిన ఒక పెద్ద బండ నీడన, తిప్పమ్మ అనే ఒడ్డెవారి పడుచుకు నొప్పులు వచ్చాయి. తొమ్మిదో నెలలో రాయి మోస్తూ కూలబడిన ఆమెను మారసాని తడిమి చూసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నాడు. చిన్నారి చెయ్యి ఒకటి ముందే బయటపడింది. మారసాని ఇష్టదైవాన్ని తలుచుకుని, నూనె రాసుకున్న తన చేతిని లోపలికి పోనిచ్చి, వెంట్రుకవాసి చొప్పున బిడ్డను తిప్పడం మొదలుపెట్టింది.

ఇంతలో దిగువన హాహాకారాలు చెలరేగాయి. పసుపుపళ్ళెం అందుకోబోయిన రాణి తూలి పడబోయిందట, నొప్పులు మొదలయ్యాయట. పల్లకిని బండనీడకు మోసుకువచ్చి దించారు. నాయకుడు వెనుకనే వచ్చి, "మారసానీ! అది వదిలి ఇటు రా!" అని ఆజ్ఞాపించాడు.

మారసాని తల ఎత్తలేదు. "రాలేను దొరా. ఇప్పుడు నా చెయ్యి తీస్తే ఇక్కడ ఇద్దరూ దక్కరు."

నాయకుని చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. అప్పుడు పల్లకిలోనుంచి వెన్నమాంబ, పెదవులు తడి ఆరిపోయి ఉండగా, మెల్లగా అన్నది: "కత్తి మీద చెయ్యి తీయండి. ఆమె నాకన్నా ముందు వచ్చింది. ముందు వచ్చినవారిదే ముందు."

ఆ మాట పూర్తయిందో లేదో, రాణి కళ్ళు తేలవేసింది. దవడలు బిగుసుకుని, ఒళ్ళంతా విల్లులా వంగి, మూర్ఛ ముంచుకొచ్చింది. నాయకుడు కత్తి వదిలి పల్లకిలోకి వంగి ఆమె తల పట్టుకున్నాడు. మారసాని ఆ వైపు ఒక్కసారి చూసింది. ఆ మూర్ఛ వచ్చినవారిలో బతికి బట్టకట్టినవారిని ఆమె తన ఆయుష్షులో చూడలేదు. ఒక చేతిలో ఒక తల్లి ప్రాణం, ఎదురుగా మరొక తల్లి ప్రాణం. ఏనాడూ వృత్తిలో కన్నీరు పెట్టనిది ఆనాడు పెట్టింది. "అమ్మా! నాకు రెండే చేతులిచ్చి ఇంత పని పెట్టావు. ఇంకో రెండు చేతులు పంపు తల్లీ!" అని ఎలుగెత్తి పిలిచింది.

అప్పుడు రాళ్ళు మోసేవారి వరుసలోనుంచి ఒక పెద్ద ముత్తయిదువ బయటికి వచ్చింది. తలమీద చుట్టకుదురు, మోచేతులదాకా ఎర్రమట్టి, బొడ్డులో దోపిన కొంగు. చూడటానికి అందరిలాంటి కూలిమనిషే. కాని ఆమె అడుగు పెట్టగానే గాలి నిలిచిపోయింది. పెనంలా కాగుతున్న బండ కుండ అడుగులా చల్లబడింది. ఉలి పట్టిన చేతులు ఉలి పట్టినట్టే ఆగిపోయాయి. బాలింత గదిలో వేసే వాము పొగ వాసన కొండంతా కమ్ముకున్నది.

"జరుగు" అన్నది నాయకునితో. నాయకుడు జరిగాడు.

"ఎవరు తల్లీ నువ్వు?" అని అతడు తడబడుతూ అడిగితే, "మారసాని అక్కను" అన్నది.

తోబుట్టువు లేని మారసానికి ఆ మాట చెవిన పడగానే ఒళ్ళు గగుర్పొడిచింది. చేతికి ఎక్కడలేని బలం వచ్చింది. ఆ ముత్తయిదువ రాణిని ఎడమపక్కకు ఒత్తిగిలించి, నోటి నురుగు తుడిచి, నుదుట అరచెయ్యి ఉంచగా, బిగుసుకున్న అవయవాలు ఒక్కొక్కటే సడలాయి. కొంతసేపటికి తిప్పమ్మ బిడ్డ కాళ్ళతో బయటపడి కెవ్వుమన్నాడు. ఆ కేక చల్లారకముందే రాణికి పిడికెడంత ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఆ ముత్తయిదువ పిల్ల నోట గాలి ఊది, రాణి రవిక విప్పి, రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టి, "దీన్ని కిందికి దించకు. నీ వెచ్చదనమే దీనికి ఊపిరి" అన్నది. పిల్ల పిచ్చుకపిల్లలా కిచకిచమన్నది.

అప్పుడామె చుట్టూ నిలిచిన జనాన్ని చూసింది. ఆ చూపుకు తలలు వాలిపోయాయి.

"ఎనిమిది నెలలుగా ఈ రాణి చుట్టూ ఇంతమంది ఉన్నారు. మొహం ఉబ్బిందా అని ఎవరైనా అడిగారా? తల పగిలిపోతోందా అని అడిగారా? కళ్ళు మసకలు కమ్ముతున్నాయా అని అడిగారా? పుట్టేది మగపిల్లవాడేనా అని మాత్రం అందరూ అడిగారు!"

మారసాని వైపు తిరిగి, "నువ్వు అడుగు చెల్లీ. నీ తరువాతివాళ్ళ చేత అడిగించు" అని, లేవడానికి బండమీద రెండు చేతులూ ఊనింది. వెన్నముద్దలో దిగినట్టు అరచేతులు రాతిలోకి దిగాయి. ఆమె లేచి బండ చాటుకు నడిచి వెళ్ళింది. పరుగెత్తి చూసినవారికి అక్కడ నిటారుగా దిగిన లోయ తప్ప మనిషి జాడ కనిపించలేదు.

నాయకుడు ఆ చేతిగుర్తులమీద నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు. లేచినవాడు మారసానికి చేతులు జోడించి, గోడపని ఆనాటితో ఆపివేయించాడు. పోగైన రాతితో అక్కడ గుడీ, పక్కన పురిటిసావడీ కట్టించి, మారసానినే తొలి పూజారిణిగా నిలిపాడు. సాని అక్కగా వచ్చిన తల్లి కనుక దేవికి అక్కసానమ్మ అని పేరు వచ్చింది. తొడికొండ పేరు మరుగున పడి, కొండ అక్కసానికొండ అయింది.

నేటికీ ఆ గుడిలో అమ్మవారు నిలబడి ఉండదు, ఆయుధం పట్టదు, గొంతుకూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి ఉంటుంది. వైశాఖంలో జరిగే తిరునాళ్ళలో ఉత్సవమూర్తి ఊరేగదు. ఆ ఏడు కొండకు ముందుగా వచ్చిన చూలాలిని, ఆమె ఎవరైనా సరే, పల్లకిలో కూర్చోబెట్టి ఊరి పెద్దలే బోయీలై మోస్తారు. బండమీద అరచేతుల గుంటలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఎంత చిన్న చెయ్యి పెట్టినా, ఎంత పెద్ద చెయ్యి పెట్టినా సరిగ్గా సరిపోతుందని అంటారు.

మారసాని వంశపు కోడళ్ళే అక్కడ పూజారిణులు. గర్భిణి ఎవరు వచ్చినా కుంకుమ ఇవ్వరు, కొబ్బరికాయ అందుకోరు. మొదట ఆ మూడు ప్రశ్నలూ అడుగుతారు. మూడింటిలో దేనికైనా ఔనని తల ఊపితే, హారతిపళ్ళెం పక్కన పెట్టి, గర్భాలయం తలుపు మూసి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, కింద కాచుకుని ఉండే బండి ఎక్కిస్తారు.

"ముందు ఆసుపత్రికి పద తల్లీ. అక్క అక్కడికే వస్తుంది" అంటారు.