దిగే రేవు, ఎక్కే రేవు

ఏటి ఒడ్డున కోట కట్టుకున్న ఒక రాజుగారు ప్రజలందరి కోసం ఉచితంగా పడవ వేయించారు. ఏడాది తిరిగాక రేవుల అధికారి విరూపాక్షయ్య సభలో నిలబడి, "పడవ దిగిన ప్రతివాణ్నీ ఆపి అడిగాను ప్రభూ. ఒక్కరు కూడా వంక పెట్టలేదు" అన్నాడు.

ఒక్కరూ వంక పెట్టలేదనేసరికి రాజుగారికి అనుమానం పుట్టింది.

అంతలో చేపలమ్మే నూకాలు నీళ్ళోడుతూ సభలోకి వచ్చింది. "కంపు కొడతామని మా చేపలవాళ్ళని పడవెక్కనివ్వరు దొరా. ఈదుకుంటూ వచ్చాను."

"అంతా నాటకం! గుమ్మం బయట బిందెడు నీళ్ళు గుమ్మరించుకుంది" అన్నాడు విరూపాక్షయ్య.

రాజుగారు ఆమెనూ అనుమానంగానే చూశారు.

నూకాలు తొణకలేదు. "ఈయన దిగే రేవులో నిలబడి అడిగాడు. పడవే ఎక్కని వాళ్ళం అక్కడెలా దిగుతాం? నన్నూ నమ్మొద్దు, ఆయన్నీ నమ్మొద్దు. రేపు తలపాగా తీసేసి, నా చేపల గంప నెత్తిన పెట్టుకుని, అవతలి రేవు నుంచి ఆయన్నే రమ్మనండి."

రాజుగారు సరేనన్నారు.

మర్నాడు సభ ముగిసే వేళకు విరూపాక్షయ్య వచ్చాడు. పడవ ఎలా ఉందని రాజుగారు అడగలేదు. ముందు పంచె పిండుకుని రమ్మన్నారు.