పతిరాజు గారి 'సరే'

కొల్లేటి అంచున ఒక ఊళ్లో పతిరాజు అనే రొయ్యల రైతు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఎదుటివాళ్లు ఏమన్నారో తెలుసుకోకముందే 'సరే' అనేసేవాడు.

ఆ ఊరి రైతులందరికీ ఫోన్లలో ఒక గ్రూపు ఉండేది. ఒకరు రాసిన మాట ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకు వెళ్లి, అక్కణ్ణుంచి రెప్పపాటులో అందరి ఫోన్లలోకీ వచ్చేది. మేత లారీ వచ్చిందన్నా, మనవడు పుట్టాడన్నా మొదటి 'సరే అండి' పతిరాజుదే. అదో గొప్ప ఆయనకు!

ఒకరోజు మబ్బు పట్టిన ఉదయాన కరెంటు పోయింది. చెరువు నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. ఎవరి జనరేటర్లు వాళ్లు వేసుకున్నారు. పతిరాజు కూడా వేసుకుని, హోటల్లో పెసరట్టు ముందు కూర్చున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. చదవకుండానే 'సరే అండి' అని కొట్టి, ఇంకాస్త చట్నీ వేయమన్నాడు.

ఆ మెసేజ్ పక్క చెరువు మంగతాయారుది. "నా జనరేటర్ పాడైంది. రొయ్యలు పైకి తేలుతున్నాయి. రెండోది ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకురండి బాబూ!" అని రాసింది. అందరూ అది చదివారు. దాని కిందే ఉన్న పతిరాజు జవాబూ చదివారు. అప్పటికే జనరేటర్‌ను ట్రాక్టరుకు తగిలించిన సత్తిబాబు, "రాజుగారు వెళ్తున్నారుగా" అని ఇంజను ఆపేశాడు.

చెయ్యి కడుక్కున్నాక పతిరాజు తీరిగ్గా ఫోన్ చూసుకున్నాడు. గబగబా తన 'సరే' తుడిచేశాడు. ఏం లాభం? అందరూ ఎప్పుడో చదివేశారు. ఇంటికి పరుగెత్తి, అక్కడున్న తన రెండో జనరేటర్‌ను బండికెత్తించి వెళ్లేసరికి సగం చెరువు తెల్లగా తేలిపోయి ఉంది.

"చూడకుండా కొట్టేశానమ్మా," అన్నాడు తల దించుకుని.

మంగతాయారు కళ్లు తుడుచుకుంది. "మీరు రాలేకపోతే ఇంకొకరు వచ్చేవారండీ. మీరు సరే అన్నారనే కదా, ఎవరూ రాలేదు. నేనూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు."

పతిరాజు మిగిలిన సగాన్నైనా దక్కించాలని జనరేటర్ బిగించాడు. ఆ పంట చేతికొచ్చేదాకా దాన్ని అక్కణ్ణుంచి కదపలేదు. గ్రూపులో మాత్రం ఆయన 'సరే' అరుదైపోయింది. అది కనిపించిందంటే ఆయన బయల్దేరినట్టే.

నలుగురిలో ఉత్తినే అన్న 'సరే' సాయం చేయకపోగా, చేయగలిగినవాళ్లను కూడా ఆపేస్తుంది. అందుకే చేయని పనికి మాట ఇవ్వడం కన్నా ఊరుకోవడం మేలు.