విన్నవారి గుడి: ‘ట’ విడిచిన కథ

రేగులపాడు దాటి మిరప చేల మధ్య మట్టిబాట పట్టి వెళితే, తుమ్మలవాగు ఒడ్డున సున్నం వేసిన చిన్న దేవాలయం కనిపిస్తుంది. సమాధి నుంచి లేచిన క్రీస్తును మొదట చూసిన మగ్దల మరియమ్మ పేరిట వెలసిన ఈ గుడిని ఆ పేరుతో పిలిచేవారు అరుదు. బస్సు కండక్టరు సైతం ‘విన్నవారి గుడి, దిగండి’ అనే అంటాడు. కొందరు భక్తులు విన్నకోట ఇంటిపేరు వారెవరో దీన్ని కట్టించారనుకుంటారు. వారికీ దీనికీ సంబంధం లేదు. సీత వార్త రాముడు విన్న చోటని చెప్పే వినుకొండ కథ కూడా వేరు. వేసవిలో వచ్చేవారు ఎండిన వాగును చూసి దిగులుపడనక్కరలేదు. గుడి వెనుక చేదబావి నీరు తియ్యగా ఉంటుంది, అందులో పప్పు త్వరగా ఉడుకుతుంది. ఇక పేరు సంగతి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, తాటాకు పందిరి ఉండేది. క్రైస్తవ గురువులు ఏ కోతల కాలంలోనో గుర్రం మీద వచ్చి పోయేవారు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించడం, క్రీస్తు కథ వినిపించడం ఉపదేశి రాయప్ప పని. ఉపదేశి కాక ముందునుంచే అతనికి మంచి సాక్షి అని పేరు. గట్టు తగాదా వచ్చినా, గొడ్డు తప్పిపోయినా పెద్దలు అతన్నే పిలిపించేవారు. కళ్ళారా చూసినదైతే ‘జరిగింది’ అనేవాడు. ఒకరు చెప్పగా విన్నదైతే ‘జరిగిందట’ అనేవాడు. ‘ట’ అన్నవాడి మాట పంచాయతీలో సాక్ష్యంగా చెల్లదు. మన భాషలో ఈ ఒక్క అక్షరం పక్కవాడి కంటికీ మన కంటికీ మధ్య గట్టు వేస్తుంది. ఆ గట్టును రాయప్ప ఎన్నడూ దున్నలేదు.

ఒక తపస్సుకాలంలో, అంటే క్రీస్తు లేచిన పాస్కా పండుగకు ముందు ఉపవాస దినాల్లో, వాగు అవతలి గూడెం పెద్ద కోటిలింగం వచ్చి పందిరి చివర కూర్చొని కథ ఆసాంతం విన్నాడు. అందరూ వెళ్ళాక రాయప్పను ఆపాడు.

“ఏందిరా రాయప్పా, పుట్టాడట, కొట్టారట, చచ్చాడట, లేచాడట. ఇన్ని టలు పెట్టి దేవుణ్ణి ఎట్లా నమ్మమంటావు?”

“నేను చూడలేదు మామా.”

“రామాయణం చెప్పే దాసరి చూశాడా? వాడు రాముడు విల్లు విరిచాడనే చెబుతాడు.”

“అతను దాసరి. నేను సాక్షిని.”

“అయితే సాక్షిగానే చెప్పు. పాస్కా పండుగకు మా గూడెమంతా వస్తాం. ట లేకుండా చెప్పావా, అందరం మీలో కలుస్తాం. నీ నోట అబద్ధం రాదని మాకు తెలుసు. ట అన్నావా, మా దారి మాది.”

రాయప్పకు ఆనాటినుంచి అన్నం సయించలేదు. ట తీసేస్తే చూడనిది చూసినట్టు చెప్పినవాడవుతాడు. ఉంచితే గూడెం వాగు అవతలే ఉండిపోతుంది. అతని భార్య శౌరమ్మ విని నవ్వింది.

“ములక్కాడ పిప్పి మింగేస్తావు, ఒక్క అక్షరం మింగలేవా?”

“పిప్పి అడ్డం పడితే దగ్గుతాను. ఇది అడ్డం పడితే ఊపిరాడదు.”

పండుగ ముందు రోజు మధ్యాహ్నం, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో చాప నీడన అతనికి కన్ను మూతపడింది. కలలో పరిమళ తైలపు ముంత పట్టుకొని ఒక స్త్రీ వచ్చి నిలిచింది.

“నా మాటకు తోక తగిలిస్తున్నది నువ్వేనా?” అని ఆమె అడిగింది. రాయప్ప చేతులు జోడించి, “అమ్మా, నేను చూడలేదు” అన్నాడు.

“చూశానని నిన్నెవరు చెప్పమన్నారు? ఆయన లేచిన ఆ తెల్లవారి నేను పరుగెత్తుకెళ్ళి చెబితే, ఆయనతో తిరిగిన మగవాళ్ళే ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారేశారు. మొదటి ట తగిలించింది వాళ్ళే. తరువాత వాళ్ళూ చూశారు. చూశాక, చెరలో వేసినా ప్రాణం తీసినా మాట మార్చలేదు. నా కళ్ళు నువ్వు అరువడగవద్దు. నీ చెవులు నీవే కదా, వాటితో చెప్పు.”

మజ్జిగ తెచ్చిన శౌరమ్మ అతన్ని తట్టి లేపింది.

“ఎవరితో మాటలు?”

“కలలో మగ్దల మరియమ్మ తల్లి వచ్చింది.”

“వచ్చిందా, వచ్చిందటా?”

“వచ్చింది. నేనే చూశాను” అని రాయప్ప మజ్జిగ గటగటా తాగేశాడు.

పండుగ తెల్లవారి రెండు ఒడ్డుల జనంతో పందిరి నిండింది. రాయప్ప లేచి ఇలా చెప్పాడు:

“మా గురువు చెప్పగా నేను విన్నాను. తనకు తన గురువు చెప్పారని ఆయన అన్నారు. అట్లా వెనక్కి నడిస్తే చివర ఒక ఆడమనిషి నిలబడి, ఆయన లేచాడు, నేను చూశాను అంటోంది. ఆ మాట నా చెవిన పడింది. విన్నాను. నేను విన్నాననే దానికి ట లేదు.”

కోటిలింగం ఊరుకోలేదు.

“సమాధి దగ్గర దూత ఒకడని ఒకసారి చెప్పావు, ఇద్దరని ఒకసారి చెప్పావు. ఏంది సంగతి?”

“రాసినవాళ్ళు రెండు రకాలుగా రాశారు మామా. దాచకుండా చెప్పాను. గట్టు తగాదాలో సాక్షులంతా పొల్లుపోకుండా ఒకటే చెబితే నువ్వేమంటావు?”

“నేర్పుకొచ్చారంటాను.”

“చిన్న సంగతుల్లో తేడా ఉండి, అసలు సంగతి ఒకటే అయి, కొట్టినా మాట తిప్పకపోతే?”

కోటిలింగం తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. “గట్టు వాళ్ళదే అంటాను” అన్నాడు. మళ్ళీ తనే, “నీ చేత అబద్ధం ఆడిస్తున్నానేమోనని నాకూ బెంగగానే ఉందిరా. నువ్వు చూసినట్టు చెప్పేస్తే, రేపటినుంచి మా గట్లకు సాక్షి ఎక్కడ దొరుకుతాడు?” అన్నాడు. పందిరంతా నవ్వింది. కోతలకు గురువు వచ్చినప్పుడు గూడెమంతా బాప్తిస్మం పొందింది. ఈ గుడి రాళ్ళు రెండు ఒడ్డుల ఎడ్లూ కలిసి లాగినవే.

నేటికీ పాస్కా తెల్లవారి ఇక్కడ ప్రసంగం ఉండదు. ఒక్కొక్కరు లేచి, ఎవరి నోట విన్నారో ఆ పేరు చెప్పి ‘విన్నాను’ అంటారు. కొందరు తాత పేరు చెబుతారు, కొందరు పక్కింటామె పేరు. దూరప్రాంతాల భక్తులు కూడా చెప్పవచ్చు. నిజం చెప్పినా నమ్మించలేకపోయినవారు ఈ రోజు ఒక కొవ్వొత్తి వెలిగిస్తే, వారి మాట నిలబడుతుందని విశ్వాసం.

చివరగా ఆ ఏడు పుట్టిన బిడ్డలను తెస్తారు. నాయనమ్మో అమ్మమ్మో బిడ్డ చెవిలో నోరు పెట్టి, ‘లేచాడు, చూసినవాళ్ళు చెప్పారు’ అని చెబుతుంది. బిడ్డ కేరుమన్నా, తల తిప్పినా, గుక్క ఆపి ఆమె ముఖంలోకి చూసినా, చుట్టూ ఉన్నవారంతా ‘విన్నాడు’ అంటారు. అక్కడ ఎవరూ ‘విన్నాడట’ అనరు. అది వారు కళ్ళారా చూసినదే.