దయ్యపు బుట్ట

చిదంబర యోగి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. నూకరాజు విషయంలో మాత్రం ఆ అలవాటు ఆయన ఓర్పుకే పరీక్ష అయింది.

నూకరాజుది ఉప్పాడ తీరం. తండ్రి పోయాక అతణ్ణి పెంచింది అన్న పోలయ్య, సముద్రం మీద వేట చేసి తెచ్చిన చేపలతోనే. దేశానికి ఈశాన్యాన గారో కొండల్లో ఉన్న యోగిగారి ఆశ్రమానికి వచ్చి, చేప ముట్టడం మానినప్పటి నుంచి తమ్ముడికి ఆ వేట కంట్లో నలుసైంది.

"మా అన్నను ఇక్కడికి పిలిపించండి గురువుగారూ. గది ఉంది, భోజనం ఉంది. కడుపు నిండితే వల ఎందుకు వేస్తాడు?" అనేవాడు. వంటింట్లో ఇదే ప్రశ్న. వాగు దగ్గర ఇదే ప్రశ్న. చివరికి గురువు కళ్లు మూసుకుని జపంలో కూర్చున్నా, అవి తెరిచేదాకా కాచుకుని మళ్లీ ఇదే ప్రశ్న. పోలయ్య తను రానని ఎప్పుడో చెప్పేశాడు. గురువు పిలిస్తే కాదనడని తమ్ముడి ఆశ.

ఒక ఉదయం గురువు విసిగిపోయి, అతణ్ణి వెంటబెట్టుకుని కొండవాలుకు వెళ్లారు. అక్కడి మట్టిలో సారమనేది లేదు. వానలు ఎన్నడో కడిగేశాయి. ఆ మట్టిలోనే కూజా మొక్కలు పొదల మీదికి పాకి ఉన్నాయి. ఒక్కో ఆకు కొస తీగలా సాగి, కిందికి వేలాడి, మళ్లీ పైకి లేచి చిన్న కూజాగా ఉబ్బింది. పైన వాన పడకుండా మూత, అంచు చుట్టూ తేనె. నూకరాజు చూస్తుండగానే ఒక చీమ ఆ తేనెకు ఆశపడి, కాలు జారి లోపలి నీళ్లలో పడింది. ఎక్కబోతే గోడ నున్నగా ఉంది. అడుగున అప్పటికే సగం కరిగిన పురుగులున్నాయి. నేల పెట్టని తిండిని ఆ మొక్క అలా సంపాదించుకుంటుంది. ఆ కొండల్లో ఉండే గారోలు దాన్ని దయ్యపు బుట్ట అంటారు.

నూకరాజు గడ్డిపరక ముంచి చీమను బయటికి తీశాడు.

"దీనిదీ మా అన్న సంగతే గురువుగారూ. తిండి లేకనే ఈ పాపం."

గురువు నుదురు కొట్టుకున్నారు. చరియ విరిగి, వేళ్లు బయటపడి వేలాడుతున్న ఒక మొక్కను చూపించి, "అయితే దీనికి పెట్టు," అన్నారు.

నూకరాజు దాన్ని తెచ్చి ఆశ్రమం కూరమడిలో నాటాడు. పశువుల ఎరువు వేశాడు, తెలగపిండి వేశాడు. కొన్ని నెలలకు ఆకులు వెడల్పై నిగనిగలాడాయి. పాత కూజాలు ఎండి రాలిపోయాయి; కొత్త ఆకుల కొసన తీగ కాస్త సాగి కూజా కట్టకుండానే ఆగిపోయింది. అతని ఆనందానికి హద్దు లేదు. కనిపించినవాణ్ణల్లా పట్టుకుని, వేట మానిన మొక్కను చూడమనేవాడు. అతని బాధ పడలేక వంటవాడు కూరలు కోయడానికి రావడమే మానేశాడు.

అలాంటి రోజుల్లో కింది ఊరి సిల్చి అనే గారో స్త్రీ, కూతురి కళ్లు మండుతున్నాయని, మూత విడని కూజాలోని నీళ్ల కోసం కొండెక్కి వచ్చింది. ఆ కొండల్లో అది పాతకాలపు వైద్యం. అంత పైకి ఎక్కనక్కర్లేదని, మొక్క ఇక్కడే ఉందని నూకరాజు ఆమెను మడి దగ్గరికి తీసుకొచ్చాడు. ఆమె మడి అంతా వెతికి, ఏదని అడిగింది. అతను చూపించాడు. ఆమె ఒక ఆకును తిప్పి చూసి, ఇది అది కాదంది. అదేనని అతను ఒట్టు వేశాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో, ఎలా పెంచాడో చెప్పుకొచ్చాడు. ఆమె కాసేపు విని, అవతల బిడ్డ ఏడుస్తుంటే ఈ గడ్డి చూపించి పొద్దు పోగొట్టాడని సణుగుతూ కొండవాలు దారి పట్టింది.

నూకరాజు గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమెకు తెలియదని, మొక్క మంచికే మారిందని, ఇక అన్నకు కబురు పంపమని అన్నాడు. కానీ ఆ గొంతులో మునుపటి ధీమా లేదు.

గురువు కోపం దిగమింగుకున్నారు.

"పంపుతాను నూకరాజూ. నేను పిలిస్తే మీ అన్న వస్తాడు కూడా. వల వదిలేసి వచ్చినవాణ్ణి ఏమని పిలవాలో మాత్రం నువ్వే చెప్పు."