తిప్పన గురువుగారికి శాలువా

పెద్దగా పంటలేవీ లేకపోయినా వానలకు మాత్రం కొదవలేని ఒకానొక కొండరాజ్యంలో తిప్పన అనే ఆస్థాన వాగ్గేయకారుడు ఉండేవాడు.

"ఆకు కదిలితే చాలు, ఆ చప్పుడుకు బాణీ కట్టేస్తాను" అనేవాడు దర్జాగా. ఆ వెంటనే, "ఆకు కదలకపోతే మాత్రం నాకు సరిగమలైనా గుర్తుండవు" అనేవాడు.

రాజమహలు పెరట్లో ఒక మడుగు ఉంది. వాన పడితే చాలు, తిప్పన దాని గోడెక్కి కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేవాడు. అతని పాటలన్నీ అక్కడ పుట్టినవే.

ఒకరోజు రాజు ఉద్దండ భూపతి అతణ్ణి పిలిచాడు. "పొరుగు దేశపు అతిథులు వస్తున్నారు. వాన మీద కీర్తన కట్టు. ఉరుము నా గొంతులా ఉండాలి."

"చిత్తం ప్రభూ."

మర్నాడు మళ్ళీ కబురు. "చినుకులు మరీ సన్నగా ఉండకూడదు. మనది పేద రాజ్యమనుకుంటారు."

ఆ మర్నాడు మళ్ళీ. "నెమలి రెండుసార్లు రావాలి. కప్పలు అసలు రాకూడదు. వాటి గోలకు నా మధ్యాహ్నపు కునుకు పాడవుతోంది. కచేరీ కాగానే ఆ మడుగు పూడ్పించేస్తున్నాను."

తిప్పన చేతులు జోడించాడు. "ప్రభూ, కప్పలు లేని వాన..."

"సంగీతం నాకు నేర్పుతావా?"

తిప్పన జుట్టు పీక్కుంటూ ఇంటికి పోయాడు.

కచేరీ నాటికి పెరట్లో మట్టిబళ్ళు వచ్చి నిలబడ్డాయి. సభలో తిప్పన తన శిష్యులతో కలిసి పాట ఎత్తుకున్నాడు. మంద్రంలో ఒక గొంతు పలికింది. ఎక్కడి నుంచో మరొకటి బదులిచ్చింది. తర్వాత పదిమంది ఒక్కసారిగా అందుకున్నారు. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. మళ్ళీ ఆ మొదటి గొంతు ఒక్కటే.

అతిథులు ఆహా అన్నారు. రాజు తొడ చరిచాడు. "ఇదయ్యా సంగీతమంటే! ఎవరు నేర్పారీ విద్య?"

"మా గురువులు ప్రభూ."

ఆ రాజ్యంలో తాతల నాటి కట్టడి ఒకటుంది. కొత్త కీర్తన రాజుకు నచ్చితే తొలి సన్మానం గురువుకే. రాజే స్వయంగా వెళ్ళి శాలువా ఇవ్వాలి. ఆపైన ఆ గురువు నివాసం జోలికి ఎవరూ పోకూడదు.

"వారు నీళ్ళు వదిలి రారు ప్రభూ" అన్నాడు తిప్పన.

"జలదీక్షా! ఎంతటి మహానుభావులు! పదండి!"

అతిథులతో, మేళతాళాలతో ఊరేగింపు బయల్దేరి తిన్నగా పెరటి మడుగు దగ్గర ఆగింది.

"ఏరయ్యా?"

"ఆ తామరాకు మీద ఉన్నవారే పెద్దగురువులు."

పెద్దగురువులు ఒకసారి "బెక" మన్నారు.

రాజు ముఖం జేవురించింది. "ఎంత ధైర్యం!"

"ఇందాక తమరు తొడ చరిచింది వీరి విద్యకే ప్రభూ. నచ్చలేదని ఒక్క మాట అనండి, మట్టి పోయించేస్తాను."

రాజు అతిథుల వంక చూశాడు. వాళ్ళింకా తలలూపుతూనే ఉన్నారు. ఆయన కాసేపు మీసం నమిలాడు. తర్వాత పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. "బళ్ళు వెనక్కి తిప్పండి! కునుకు సంగతి చెవుల్లో దూది చూసుకుంటుంది!" అని తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు.

"సరే, కట్టడి కట్టడే. దిగి మీ గురువుగారిని నా చేతికందించు."

తిప్పన రెండడుగులు వెనక్కి వేసి, బండి చాటుకు నక్కాడు.

"ఏమయ్యా?"

"ఇన్నేళ్ళూ గోడ మీంచే విన్నాను ప్రభూ, ఒక్కనాడూ దిగలేదు. నాకు... కప్పలంటే చచ్చేంత భయం."