ఒడ్డున ఉన్న ఫోను

పైడిరాజుకి గురువుగారి మీద కోపం వచ్చింది. రెండేళ్లు కష్టపడి రాసిన ప్రోగ్రాము సిద్ధమైంది. కోదండపాణి మాస్టారు మాత్రం "ఇంకా కాలేదు" అంటారు. ఏం కాలేదో చెప్పరు.

ఆ ప్రోగ్రాము ఉంటే, సముద్రంలో టవర్ అందని చోట ఒక పడవలోని ఫోను కబురు పంపితే పక్క పడవ ఫోను అందుకుంటుంది. అది ఆ పక్కదానికి చేరవేస్తుంది. బ్యాటరీ తగ్గితే బొమ్మలు మానేసి అక్షరాలే పంపుతుంది. ఇంజను హోరులో మోత వినబడకపోతే గట్టిగా వణుకుతుంది. పైడిరాజు పుట్టింది బెస్తవాళ్ల ఇంట్లోనే. తుపాను కబురు అందక తిరిగిరాని వాళ్లు అతనికి తెలుసు.

"రేపు మా వాళ్లు వేటకి పోతున్నారు మాస్టారూ. ఒక్కసారి వచ్చి చూడండి."

మాస్టారు ఆ సాయంత్రమే వచ్చారు. ఒడ్డుకి కాస్త దూరంలో అయిదు పడవలు వరసగా ఆగి ఉన్నాయి. మొదటి పడవలోంచి పైడిరాజు బాబాయి ఎర్రయ్య కబురు పంపాడు. అది ఒక్కో పడవా దాటుకుంటూ చివరిదాకా పోయింది. అందరూ ఈలలు వేశారు.

"ఇంకేం తక్కువ మాస్టారూ?"

"నీ ఫోను ఇలా ఇయ్యి."

ఇచ్చాడు. మాస్టారు దాన్ని ఆపేసి జేబులో వేసుకున్నారు. "ఇప్పుడు పంపమను."

ఎర్రయ్య మళ్లీ నొక్కాడు. పక్క పడవ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. దానికీ ఏమీ రాలేదు.

"ఏట్రా రాజూ, ఆగిపోనాది?" అని అక్కణ్ణుంచి కేకేశాడు.

పైడిరాజు గొంతు తగ్గింది. "ఎవరి పక్కన ఎవరున్నారో చూసి దారి చెప్పేది నా ఫోనే మాస్టారూ. అలాగైతే తప్పు రాదని... నేను ఇక్కడ ఒడ్డునే ఉంటాను కదా."

మాస్టారు సముద్రం వైపు చూశారు.

"అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు నాయనా. అన్నీ నీతోనే మాట్లాడాయి."

ఫోను తిరిగి ఇచ్చారు. పైడిరాజు దాన్ని ఆన్ చెయ్యలేదు. పడవలో బాబాయి ఏదో చిన్న ఆటంకమే అనుకుని ఫోను పైకెత్తి చూపిస్తూ నవ్వుతున్నాడు.

పైడిరాజు చెప్పులు విడిచి నీళ్లలోకి నడిచాడు. నడుము లోతుకి వెళ్లి పడవ అంచు పట్టుకున్నాడు.

"బాబాయ్," అన్నాడు, "రేపు దీన్ని నమ్ముకుని వెళ్లకండి."